వేదిక మీది గొంతు

మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన రోజే నాకు అనుమానం వచ్చింది.

పెళ్ళయిన నాటి నుంచీ ఆయనకి నేను "ఇదిగో"ని. ఎదురుగా ఉంటే ఇదిగో, వంటింట్లో ఉంటే కాస్త గట్టిగా ఇదిగో, ఫోన్లో అయినా ఇదిగోతోనే మొదలు. నా పేరు కనకవల్లి అని ఆయనకి తెలుసో తెలియదో అని మా అక్క వేళాకోళం చేసేది. అలాంటి మనిషి ఒక ఉదయం నేను చెంచాతో నోట్లో కాఫీ పోస్తుంటే, "కనకవల్లీ, ఈ చేతి మహిమని ఏమని కొనియాడను" అన్నారు. అన్నది ఆయన నోరు కాదు, హాల్లో మూలనున్న కంప్యూటర్. గొంతు మాత్రం అచ్చంగా ఆయనదే.

వెనక్కి వెళ్ళి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా ఆయన మృత్యుంజయరావు తణుకు కరెంటాఫీసులో పనిచేసేవారు. అయితే ఊళ్ళో ఆయన్ని ఎరిగింది కరెంటు వల్ల కాదు, మైకు వల్ల. ఎవరు రిటైరైనా, ఎవరికి అవార్డు వచ్చినా, ఎవరు పుస్తకం అచ్చేసుకున్నా సన్మాన సభకి వ్యాఖ్యాత ఆయనే. శాలువా కప్పించుకునేవాళ్ళు ఆయన మాటలు వింటూ, తాము ఇంత గొప్పవాళ్ళమా అని కళ్ళు తుడుచుకునేవారు. తర్వాత ఆ మనిషి ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి, "ఇదిగో, మజ్జిగ" అనేవారు. అంతే, ఆ పూటకి మాటలైపోయినట్టే. ఊరంతా పంచిపెట్టిన పంచదారలో ఇంటికి చిటికెడు మిగిల్చేవారు కాదు.

కిందటేడు మెదడులో నరం చిట్లి పడిపోయారు. ప్రాణం దక్కింది కానీ కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి, మాట పోయింది. అన్నీ తెలుస్తాయి, ఏదీ చెప్పలేరు అన్నారు డాక్టర్లు. తల ఊపమంటే మెడ దాని ఇష్టం వచ్చినట్టు ఊగేది, అది అవునో కాదో తెలిసేది కాదు. చూపు కాక, ముఖంలో మిగిలింది ఎడమ కనుబొమ ఒక్కటే. అదీ మనం లేపమంటే లేవదు. చిరాకు పుడితే మాత్రం దానంతటదే పైకి లేస్తుంది.

అప్పుడే విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల వాళ్ళు మా ఇంటికి కంప్యూటర్ పంపారు. ఆయన నెత్తికి వల లాంటి టోపీ తొడిగి, దాని తీగలు కంప్యూటర్లో గుచ్చారు. మనిషి ఒక మాట అనబోయేటప్పుడు, పెదవి కదలకపోయినా, మెదడులో చిన్న కదలిక పుడుతుందట. టోపీ దాన్ని పట్టుకుంటుంది, కంప్యూటర్ దాన్ని మాట చేసి పలుకుతుంది. ఆ కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 'పలుకు' అని పేరు పెట్టారు.

పలుకు పాత వెర్షన్ మహా నిదానం. ఆయన ఒక్కో మాటా లోపల పూర్తిచేసేదాకా ఆగి, రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటులా ఎత్తుపల్లాలు లేని గొంతుతో పలికేది. "కిటికీ తలుపు వెయ్యి" అని చెప్పడం పూర్తయ్యేసరికి వాన వెలిసిపోయేది. అయినా మొట్టమొదటిసారి ఆ పెట్టె "ఫ్యాను... తగ్గించు" అన్నప్పుడు నేనూ మా అమ్మాయి నీరజా ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఫ్యాను ఎక్కువైందని విసుక్కునే మనిషి మా ఇంట్లో ఆయనొక్కరే.

తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. దాన్ని ఎక్కించడానికి ప్రయోగశాల నుంచి హిమజ అనే శాస్త్రవేత్త వచ్చింది. చిన్నపిల్లే, మర్యాద తెలిసిన పిల్ల. ముందు ఆయనకి నమస్కారం పెట్టి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చునేది. పాతది సార్ మాట పూర్తయ్యేదాకా ఆగుతుందనీ, కొత్తది సార్ సొంత గొంతుతోనే, మొదటి ముక్కకే మిగతాది ఊహించి, మొలకని చూసి చెట్టు గీసేస్తుందనీ చెప్పింది. గీసిన చెట్టు తప్పయితేనో అని అడిగాను.

"సార్ లోపల 'ఆగు' అనుకుంటే చాలు ఆంటీ, టక్కున ఆగిపోతుంది. ఆపలేదంటే ఒప్పుకున్నట్టే."

ఆ చివరి ముక్క నాకప్పుడే గుచ్చుకుంది. నోరు మూసుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టయితే, ఈ ఇంట్లో నేను ఎన్నింటికి ఒప్పుకున్నానో లెక్కే లేదు.

ఇక ఆ వారం నుంచి మా ఇల్లు సభామందిరమైపోయింది. పూలవాడు వస్తే పూలవాడికి పొగడ్త, మందులు తెచ్చిన కుర్రాడికి దీవెన. నీరజ బ్యాంకుకి బయల్దేరుతుంటే, "నా ఆశల పంటవమ్మా" అని పెట్టె అనేది, పిల్ల తలుపు దగ్గర నిలబడిపోయి కళ్ళొత్తుకునేది. నన్నయితే చెప్పక్కర్లేదు. నేను ఈ ఇంటి వెలుగునట, సహనానికి మారుపేరునట. మొదట్లో సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. అబద్ధమెందుకు, హాయిగా ఉండేది. ఆయన కాళ్ళకి నూనె రాస్తూ, ఇంకేమంటారో అని చెవి అటే పడేసేదాన్ని. అమ్మ ఇలా నవ్వగా ఎప్పుడూ చూడలేదని నీరజ హిమజకి ఫోన్లో చెప్పడం కూడా విన్నాను.

అయితే నా పుట్టుకే అనుమానపు పుట్టుక. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపాడేమో అని చూస్తాను. అతి వినయం ధూర్త లక్షణం అని మా నాన్న ఊరికే అనేవారు కాదు. ఒకరోజు కావాలని కాకరకాయ కూర చేశాను, పులుసూ బెల్లమూ లేకుండా, కటిక చేదుగా. ఆయనకి కాకరకాయ వాసనే పడదు. మెత్తగా నలిపి ఒక ముద్ద పెట్టాను. ఎడమ కనుబొమ నుదుటి మీదికి పాకింది. ఆ కనుబొమ అలా లేచి ఉండగానే పెట్టె, "అమృతం, కనకవల్లీ" అంది.

ఆ ముద్ద ఆయన పెదాల మీంచి తుడిచేసి, కంప్యూటర్ వైపు చాలాసేపు చూశాను.

మర్నాడు ఇంకో పరీక్ష పెట్టాను. పెళ్ళయిన కొత్తలో మనం అరకు వెళ్ళాం, గుర్తుందా అని అడిగాను. మేం అరకు వెళ్ళలేదు. టిక్కెట్లు కూడా తీశాక ఎవరో తహసీల్దారుకి సన్మానమని మానేశారు. నేను ఆ ప్రయాణానికని కొన్న చీర మడత విప్పకుండానే మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

"ఎలా మరిచిపోతాను కనకవల్లీ," అంది పెట్టె. "ఆ మంచులో నీ నవ్వు నా కళ్ళ ముందే ఉంది."

ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన చూపు తిప్పేసుకుని గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయారు.

అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే నన్నే కేకలేసింది. మొగుడు తిడుతున్నాడని ఏడ్చేవాళ్ళని చూసింది కానీ పొగుడుతున్నాడని ఏడ్చేదాన్ని నన్నే చూసిందట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కూడా అంది. నీరజయితే నాన్నకి ఇన్నాళ్ళకి మంచి మాటలొస్తుంటే నేను ఓర్చుకోలేకపోతున్నానంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఇంతలో ప్రయోగశాల వాళ్ళు ఆపరేషన్ సంగతి ఎత్తారు. టోపీ వల్ల ఆయన నెత్తి మీద పుళ్ళు పడుతున్నాయి, చెమట పడితే కదలికలు సరిగ్గా అందడం లేదు. పుర్రె లోపలే గోరంత బిళ్ళ అమర్చితే టోపీ అక్కర్లేదు, చక్రాల కుర్చీలో ఎక్కడికైనా వెళ్ళి మాట్లాడొచ్చు. ఒక్కటే చిక్కు. బిళ్ళ కొత్త వెర్షన్‌తోనే పనిచేస్తుంది. ఒకసారి పెట్టాక పాతదానికి వెనక్కి రావడం కుదరదు. అందుకని సోమవారం వాళ్ళ పెద్దలు వచ్చి, ఆయన సమ్మతిని ఆయన నోటే విని రికార్డు చేసుకుంటామన్నారు.

ఆయన నోటే అంటే ఏ నోట? అదే నా బాధ. హిమజ ముందుగా ఒకసారి అడిగి చూసింది. "విజ్ఞానశాస్త్రానికి ఈ దేహం ఉపయోగపడితే అంతకన్నా ధన్యత ఏముంది" అని పెట్టె గడగడా చెప్పేసింది. హిమజ కళ్ళు చెమర్చాయి. ఆ మాట నేను ఇదివరకే విన్నాను. దేహదానానికి సంతకం పెట్టిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి సభలో, ముందు వరసలో కూర్చుని, ఇదే గొంతుతో, ఇవే మాటలు.

హిమజ వెళ్ళగానే నీరజని కూర్చోబెట్టి నిలదీశాను. కొత్త వెర్షన్ నాన్న గొంతూ ధోరణీ పట్టుకోవడానికి ఏమిచ్చావని అడిగాను. ప్రయోగశాల వాళ్ళు నాన్న మాట్లాడిన రికార్డింగులు ఏవున్నా పంపమన్నారట. ఊళ్ళో అందరి దగ్గరా ఉన్న సభల వీడియోలన్నీ పోగుచేసి పంపిందట.

"ఇంట్లోవి పంపలేదా?" అన్నాను.

"ఇంట్లోవి ఎక్కడున్నాయమ్మా? నాన్న మజ్జిగ అడిగితే ఎవరు వీడియో తీస్తారు?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ యంత్రానికి తెలిసిన మృత్యుంజయరావు మైకు ముందు నిలబడ్డవాడే. దానికి ఆయన మనసులో ఏ మొలక కనబడినా సన్మాన పత్రమే గీస్తుంది. చేదుగా ఉంది అని ఆయన అనబోతే, చే అనేలోపే అది శాలువా కప్పేస్తుంది. నీరజ మొహం పాలిపోయింది. అయినా మొండిగా, మరి నాన్న ఆపొచ్చుగా, ఆపడం లేదంటే ఆయనకీ ఇష్టమేనేమో అంది.

హిమజకి ఫోన్ చేశాను. చెప్పిందంతా ఓపిగ్గా వింది. సార్ మాటల్లో సార్‌ది ఎంత, యంత్రానిది ఎంత అని సూటిగా అడిగాను. "నిజం చెప్పాలంటే మాక్కూడా తెలీదాంటీ" అంది. పాత వెర్షన్ ఆ కంప్యూటర్లోనే ఒక పక్కన భద్రంగా ఉందని, సెట్టింగుల్లోకి వెళ్ళి దానికి మారొచ్చని చెప్పింది. అలా మారితే కొత్తది ఇన్నాళ్ళూ సార్ గురించి నేర్చుకున్నదంతా చెరిగిపోతుందని, మళ్ళీ నేర్పినా ఇలాగే వస్తుందని హామీ ఇవ్వలేనని కూడా చెప్పింది. తనయితే మార్చమని అనదట, వద్దనీ అనదట. సార్ సొంత మాట ఏదైతే అదే చేద్దాం, దానికి నువ్వూ నేనూ కట్టుబడదాం అన్నాను. సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం నీరజ స్నేహితురాలి ఇంట్లో సీమంతానికి వెళ్ళింది. దాన్ని కావాలనే పంపాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేసేది ఆయనకి కనబడాలని కంప్యూటర్‌కి ఎదురుగా తిప్పాను. సెట్టింగులు తెరిచాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయి, 'పాత వెర్షన్‌కి మారండి' అన్న చోట నొక్కాను. తెర మీద ఎర్రటి అక్షరాలొచ్చాయి. మీరు నేర్పినదంతా చెరిగిపోతుంది, ఇది తిరిగి రాదు, కొనసాగించాలా అని.

అప్పుడు పెట్టె మాట్లాడింది. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"కనకవల్లీ, ఎందుకీ తొందర? నీ మనసు నొప్పించానా? నేను పోతే ఈ మంచి మాటలు నీకెవరు చెబుతారు?"

నా వేలు గాల్లోనే ఆగిపోయింది. గిరుక్కున తిరిగి ఆయన ముఖం చూశాను. కనుబొమ లేవలేదు. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండి ఉన్నాయి. అది బతిమాలుతున్నది ఆయనా, యంత్రమా? ఆయనే అయితే నేను చేస్తున్నది మొగుడి గొంతు నొక్కడం. యంత్రమే అయితే అది నా బలహీనత ఎక్కడుందో సరిగ్గా పట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. "నువ్వెవరివైతే నాకేం, ఆయన్ని మాట్లాడనియ్యి" అని నొక్కేశాను.

తెర నల్లబడింది. తెల్ల గీత ఒకటి పుట్టి నత్తలా జరగడం మొదలుపెట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇన్ని వారాల పొగడ్తల తర్వాత ఆ నిశ్శబ్దం భయంకరంగా ఉంది. గీత సగంలో ఆగిపోయింది. పాడు చేశానేమో, ఇక ఏ వెర్షనూ రాదేమో అనిపించింది. ఆయన పక్కన నేల మీద కూర్చుని, కదలని ఆ చెయ్యి నా చేతిలో పెట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. గీత మళ్ళీ కదిలింది. చివరికి చేరింది. పలుకు సిద్ధంగా ఉంది అని తెర మీద రాసి వచ్చింది.

ఎదురు చూశాను.

"దాహం," అంది పెట్టె. అదే రైల్వే స్టేషన్ గొంతు.

పరుగెత్తుకెళ్ళి నీళ్ళు తెచ్చి చెంచాతో పట్టాను. ఆ ఒక్క మాటా నూటికి నూరుపాళ్ళు ఆయనదే. తాగడం అయ్యాక మూతి తుడిచి, ఇన్నాళ్ళూ మాట్లాడింది మీరేనా అని అడిగాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మాటకీ ఆయన నుదుట చెమట పోసింది.

"నేను... కాదు."

"కాదని తెలిసీ ఆపలేదేం మరి? ఆగు అనుకుంటే ఆగిపోతుందిగా?"

వీధిలో ఐస్ బండి వచ్చి, గంట కొట్టుకుంటూ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చింది మాట.

"నువ్వు... నవ్వావు."

నేను కొంగుతో మొహం కప్పేసుకున్నాను. కాకరకాయ చేదు నాలుక మీద పెట్టుకుని, వెళ్ళని అరకు వెళ్ళామని ఒప్పుకుని, ఈ మనిషి ఇన్ని వారాలు నోరు మూసుకుని కూర్చున్నాడు. యంత్రాన్ని అనుమానించాను, ప్రయోగశాలని అనుమానించాను, కన్నకూతుర్ని అనుమానించాను. ఈ ఒక్క కారణం మాత్రం నాకు తట్టలేదు. మొగుడి మీద ఇంత కోపం, ఇంత ప్రేమ ఒక్కసారే రావడం నాకదే మొదలు.

తేరుకుని, ఆపరేషన్ సంగతి నేను చూసుకుంటాను, రేపొచ్చే వాళ్ళకి వద్దని చెప్పేస్తానన్నాను.

"చేయించు."

తప్పుగా విన్నానేమో అనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నారు. అది చేయిస్తే ఇక ఎప్పటికీ మీ మాట మీది కాదు, చివరిదాకా అదే మాట్లాడుతుంది, తెలుస్తోందా అన్నాను. తెలుసు అన్నారు. మరెందుకు అన్నాను.

"నాకు... మాటలు... రావు. దానికి... వచ్చు."

"జబ్బు చేస్తే ఎవరికి మాత్రం వస్తాయి?"

"ముందు... కూడా... రాలేదు." నేను నుదుటి చెమట తుడిచాక, "నీకు... అదే... నయం," అన్నారు.

ఆయన సొంత మాట ఏదైతే దానికే కట్టుబడతానని హిమజకి మాటిచ్చింది నేనే. ఆ సొంత మాట కోసమే పట్టుబట్టి యంత్రాన్ని వెనక్కి తిప్పాను. తీరా వచ్చిన సొంత మాట, నన్ను తీసేసి దాన్ని పెట్టు అని. ఎవరితో చెప్పుకోను?

లేచి నిలబడ్డాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచాను. మీకేం తెలుసండీ నాకేది నయమో అన్నాను. పొగడ్తలు బాగున్నాయి, కాదనను, కానీ నేను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నూనె రాసేది ఆ పెట్టె కాళ్ళకి కాదు. నాకు మాటలు కావాలంటే రేడియో పెట్టుకుంటాను. మీరు చేదంటే చేదనండి, బాగోలేదంటే బాగోలేదనండి, మీ నోటితో నన్ను ఒక్క మంచి మాట అనాలనుంటే పదేళ్ళు పట్టినా అనండి, నేను కూర్చుంటాను. ఆపరేషన్ మాత్రం జరగనివ్వను.

ఎడమ కనుబొమ నెమ్మదిగా లేచింది.

"నా... తల. నా... ఇష్టం."

"ఆ తలని కడిగేదాన్ని నేను. నాకూ ఒక మాటుంటుంది."

అప్పుడే నీరజ గాజులూ పసుపుకుంకాలూ ఉన్న కవరుతో లోపలికొచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది. తెర మీద పాత వెర్షన్ గుర్తు చూసింది, నా మొహం చూసింది, వాళ్ళ నాన్న కనుబొమ చూసింది. వెళ్ళి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. పెట్టె దాన్ని ఆశల పంట అనలేదు. కాసేపటికి, "తిన్నావా" అంది. నీరజ ఆయన మోకాళ్ళ మీద తల పెట్టేసింది.

ఫోన్ మోగింది. హిమజ. కంప్యూటర్ పాత వెర్షన్‌కి మారినట్టు తనకి అక్కడ తెలిసిందట. గొంతులో ఆత్రం దాచుకోలేకపోతోంది. సార్ ఏమన్నారు ఆంటీ, రేపు మా వాళ్ళని రమ్మనాలా వద్దా అని అడిగింది.

"సార్ చేయించమంటున్నారమ్మా. నేను వద్దంటున్నాను. మా ఇద్దరికీ గొడవ జరుగుతోంది. తేలాక ఫోన్ చేస్తాను."

"ఎప్పటికి తేలుతుందాంటీ?"

"ఆయన మాట్లాడే వేగానికి వారమైనా పట్టొచ్చు. నెలైనా పట్టొచ్చు."

ఫోన్ పెట్టేసి, పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నుదురు ముడిపడింది, చెమట పట్టింది, ఏదో మాట బయల్దేరింది. అది తిట్టేనని నాకు తెలుసు. మధ్యలో అందుకోకుండా, పూర్తయ్యేదాకా ఆగాను.